అరగని టైరుతో రేసేంటి?

పులిహోర డబ్బా మూత తీసి రెండు ముద్దలు తిన్నానో లేదో, నల్లటిదేదో ఎగిరొచ్చి అందులో పడింది. మాడిన మినప్పప్పేమో అనుకుని వేలితో తీశాను. పప్పు కాదు, రబ్బరు. గోరంత ముక్క, వానపాములా మెలి తిరిగి ఉంది, పట్టుకుంటే జిగురు. పక్క సీట్లో ఉన్న మా ఆఫీసు మిత్రుడు తన టోపీ తీసి దులిపాడు. అందులోంచి అలాంటివే నాలుగైదు రాలాయి.

అది 2024 మార్చి 17. టెన్నెసీ రాష్ట్రంలో బ్రిస్టల్ అనే ఊరు. మేముండే షార్లట్ నుంచి కారులో దాదాపు మూడు గంటలు. అక్కడి రేసు ట్రాకు చుట్టూ ఒక రౌండు 0.533 మైళ్ళు, అంటే కిలోమీటరు కూడా లేదు. రోడ్డంతా కాంక్రీటు. చుట్టూ స్టాండ్లు నిట్టనిలువుగా లేచి ఉంటాయి. పై వరసలో కూర్చుంటే పెద్ద గంగాళంలోకి తొంగి చూస్తున్నట్టుంటుంది. ఆ గంగాళంలో ముప్పై పైచిలుకు కార్లు 500 రౌండ్లు తిరగాలి.

నాస్కార్ గురించి తెలియనివాళ్ళకి ఒక్క ముక్క. 1948లో బిల్ ఫ్రాన్స్ అనే ఆయన పెట్టిన స్టాక్ కార్ రేసుల సంస్థ అది. 'స్టాక్' అంటే షోరూములో దొరికే కారు. మొదట్లో నిజంగానే షోరూము కార్లతో పందేలు వేసేవారు. ఇప్పుడు పేరు మాత్రమే మిగిలింది. కారులో ఏ ముక్కా షోరూములో దొరకదు. పెద్ద టీములన్నీ షార్లట్ చుట్టుపక్కల ఊళ్ళలోనే ఉన్నాయి. మనవాళ్ళు ఇక్కడ బ్యాంకుల సాఫ్ట్‌వేర్ పనుల్లో బోలెడంత మంది ఉన్నా, వాళ్ళలో నాస్కార్ చూసేవాళ్ళు మాత్రం అరుదు. "గుండ్రంగా తిరగడమేగా" అంటారు. నేనూ మొదటి రెండేళ్ళు అలాగే అన్నాను.

ఆ రోజు బ్రిస్టల్‌లో టైర్లు కరిగిపోతున్నాయి. అంతకన్నా మంచి మాట నాకు తట్టడం లేదు. మామూలుగా రేసు నడిచేకొద్దీ టైరు నుంచి ఊడిన రబ్బరు రోడ్డుకి అతుక్కుని నల్లటి పొరలా మారుతుంది. ఆ పొర మీద నడిచే టైరు తక్కువగా అరుగుతుంది. ఆ రోజు అతుక్కోలేదు. పిప్పిలా ఊడి గోడవారన పోగులు పడింది. యాభై రౌండ్లు తిరిగేసరికి టైర్లలో దారాలు బయటపడుతున్నాయి. తెచ్చుకున్న టైర్లు సరిపోవని తేలిపోయి, నిర్వాహకులు ప్రతి టీముకీ ఇంకో సెట్టు ఇచ్చారు. డ్రైవర్లు కావాలని నెమ్మదించారు. ఎవడు ముందుకు దూకినా వాడి టైర్లు పది రౌండ్ల తర్వాత వాణ్ణే ముంచుతున్నాయి. ముందున్నవాడు 54 సార్లు మారాడు. మొత్తం మీద అయిదు కార్లే పూర్తి 500 రౌండ్లూ తిరిగాయి.

ఎవరు గెలిచారో చూడండి. డెన్నీ హామ్లిన్ మొదట, మార్టిన్ ట్రూయెక్స్ రెండు, బ్రాడ్ కెసెలౌస్కీ మూడు. మొదటి ఇద్దరికీ 43 ఏళ్ళు, మూడో ఆయనకి 40. టైరుని పొదుపుగా వాడటం చిన్న ట్రాకుల మీద నేర్చుకుని పైకొచ్చిన తరం.

మా మిత్రుడికి నచ్చలేదు. "ఇది రేసు కాదు, మైలేజీ పోటీ" అన్నాడు. నాకైతే అంత టెన్షన్‌గా చూసిన రేసు ఇంకోటి లేదు. ఆరు నెలల తర్వాత సెప్టెంబరులో అదే ట్రాకు మీదికి అవే టైర్లు తెచ్చారు. ఈసారి రబ్బరు బుద్ధిగా కాంక్రీటుకి అతుక్కుంది. మార్చి చలికీ సెప్టెంబరు వేడికీ ఉన్న తేడాయే దానికి చాలనుకుంటాను. టైర్లు అరగలేదు. కైల్ లార్సన్ 500 రౌండ్లలో 462 రౌండ్లు ముందుండి గెలిచాడు. లార్సన్ గొప్ప డ్రైవరు, ఆ మాటకి తిరుగులేదు. కానీ నేను సోఫాలోనే నిద్రపోయాను. లేచి చూస్తే ఇంకా ఆయనే ముందున్నాడు.

అప్పటి నుంచీ ఈ విషయం మీద ఎవరు దొరికితే వాళ్ళతో వాదిస్తున్నాను, ఇవాళ మీరు దొరికారు. రేసు టైరు అరగాలి. కొద్దికొద్దిగా, కంటికి కనిపించేలా, డ్రైవరు చేతిలో ఉండేలా అరగాలి. 2022లో టైరు సైజు మార్చినప్పుడు చూపుకి బాగుండటమే ఎక్కువ చూసుకున్నారు, ఈ అరుగుదల సంగతి వెనక్కి పోయింది. అప్పటి నుంచి చిన్న ట్రాకుల రేసులు చప్పబడ్డాయి.

ఈ మాట అనే అర్హత నాకెక్కడిదంటే, విజయవాడ ఆటోనగర్‌లో మా బాబాయికి రెండు లారీలుండేవి. సెలవుల్లో నేను అక్కడే. బాబాయి లారీ చుట్టూ తిరుగుతూ ఇనుప రాడ్డుతో ఒక్కో టైరునీ కొట్టేవాడు. కొట్టి చెవి పెట్టేవాడు. ఠంగుమంటే గాలి ఉన్నట్టు, బొద్దుగా మోగితే దిగినట్టు. తర్వాత అరచేత్తో టైరు మీద అటూ ఇటూ రాసేవాడు. ఒక పక్క నున్నగా, ఇంకో పక్క గరుగ్గా తగిలితే "అలైన్‌మెంట్ పోయిందిరా" అనేవాడు. గుండు టైరు వేసుకుని ఘాటు రోడ్డు ఎక్కినవాణ్ణి మనిషిగా లెక్కపెట్టేవాడు కాదు. టైరు ఎంత ఎక్కువ తిరిగితే అంత లాభం. అరిగితే రీట్రెడింగ్, మళ్ళీ అరిగితే మళ్ళీ రీట్రెడింగ్. ఆయన లెక్కలో అరగడమంటే నష్టం, అంతే.

అలాంటి ఇంట్లో పెరిగినవాడికి రేసు టైరు మొదట చూసినప్పుడు కలిగేది అనుమానమే. పుట్టుకతోనే గుండు. గీతలుండవు, గళ్ళుండవు, నున్నటి రబ్బరు. గీతలు వాననీళ్ళు పక్కకి పోవడానికి. పొడి రోడ్డు మీద గీత ఉన్న చోటల్లా రోడ్డుకి తగలని రబ్బరు ఉన్నట్టే కదా. అందుకే తీసేశారు. తడి రోడ్డు కోసం గీతల టైర్లు వేరే ఉన్నాయి. 2024లో రిచ్‌మండ్‌లో మొదటిసారి అండాకారపు ట్రాకు మీద పాయింట్ల రేసుని, అంటే ఛాంపియన్‌షిప్ లెక్కలోకి వచ్చే రేసుని, వాటితో మొదలుపెట్టారు. అదే ఏడాది న్యూ హాంప్‌షైర్‌లో వాన ఆగాక రేసుని వాటి మీదే ముగించారు.

ఒకసారి ఇక్కడి ట్రాకులో గ్యారేజీ దాకా వెళ్ళే పాసు దొరికింది. అందరూ కార్ల దగ్గర ఫొటోలు తీసుకుంటుంటే నేను టైర్లాయన దగ్గర నిలబడిపోయాను. ఆయన అప్పుడే కారు నుంచి విప్పిన టైరుని స్టాండుకి తగిలించాడు. దాని ఒళ్ళంతా రోడ్డు మీది చెత్త రబ్బరు అంటుకుని గజ్జి పట్టినట్టుంది. చిన్న గ్యాస్ మంటతో ఒక చోట వేడిచేసి, వెడల్పాటి గరిటెలాంటి దానితో గీకాడు. అట్ల పెనం మీద మాడు గీకినట్టే. కింద అసలు టైరు బయటపడింది. దాని మీద అడ్డంగా వరసగా చిన్న చిన్న గుంటలు. కొత్త టైరుకి ఆ గుంటల లోతు ఎంతో ముందే తెలుసు. ఇప్పుడు ఒక్కో గుంటలో గేజు సూది దింపి, ఎంత మిగిలిందో చదివి కాగితం మీద రాసుకుంటున్నాడు. లోపలి అంచు ఎంత, మధ్య ఎంత, బయటి అంచు ఎంత. ఆ అంకెలు చూసి కారు చక్రం ఎంత వంగి నడుస్తోందో, గాలి ఎక్కువైందో తక్కువైందో చెప్పేస్తాడు. మా బాబాయి అరచెయ్యి చేసే పనే. గేజు ఒక్కటే కొత్త.

గాలి అన్నాను గానీ అందులో ఉండేది నైట్రోజన్. మామూలు గాలిలో తేమ ఉంటుంది, వేడెక్కినప్పుడు అది ఎంత ఉబ్బుతుందో లెక్క కుదరదు. పైగా నాలుగు టైర్లలో ఒకే ప్రెషర్ ఉండదు. అండాకారపు ట్రాకు మీద కారు ఎప్పుడూ ఎడమకే తిరుగుతుంది కాబట్టి బరువంతా కుడి వైపుకి తూలుతుంది. కుడి టైర్లలో గాలి ఎక్కువ, రబ్బరు గట్టిది. ఎడమ టైర్లలో గాలి తక్కువ, రబ్బరు మెత్తనిది. ఒకే కారుకి రెండు రకాల టైర్లు!

పాత కార్లలో ఇంకో తమాషా ఉండేది. కుడి వెనక టైరు చుట్టుకొలత ఎడమ దానికన్నా కాస్త ఎక్కువ. ఎందుకో అర్థం కాకపోతే టీ కొట్టు గ్లాసు తీసుకుని బల్ల మీద పడుకోబెట్టి దొర్లించండి. మూతి వెడల్పు, అడుగు సన్నం కాబట్టి అది తిన్నగా పోదు, గుండ్రంగా తిరుగుతుంది. వెనక రెండు చక్రాలూ ఒకే ఇరుసుకి బిగించి ఉన్నప్పుడు కారూ అంతే. కుడి వైపు పెద్దదైతే స్టీరింగ్ తిప్పకుండానే కారు ఎడమకి లాగుతుంది. దీన్ని స్టాగర్ అంటారు. 2022 కార్లో వెనక చక్రాలు దేనికది విడిగా కదులుతాయి కాబట్టి ఆ కథ మారిపోయింది.

సరే, సైజు దగ్గరికొద్దాం.

2021 దాకా నాస్కార్‌లో పై స్థాయి అయిన కప్ రేసుల కార్లకి 15 అంగుళాల ఉక్కు రిమ్ము, అయిదు నట్లు. రిమ్ము వెడల్పు తొమ్మిదిన్నర అంగుళాలు. దశాబ్దాల పాటు అదే. 2022లో 'నెక్స్ట్ జెన్' అనే కొత్త కారుతో 18 అంగుళాల అల్యూమినియం రిమ్ము వచ్చింది. వెడల్పు 12 అంగుళాలు, మధ్యలో ఒకే ఒక్క పెద్ద నట్టు. కారణం ఏం చెప్పారంటే, రోడ్డు మీద తిరిగే కార్లకి పెద్ద రిమ్ములు వచ్చేశాయి, రేసు కారూ వాటిలా కనిపించాలి అని. పెద్ద బ్రేకులు పడతాయి, చక్రం మార్చడం తొందరగా అవుతుంది అని కూడా అన్నారు. అబద్ధం కాదు. పాత అయిదు నట్ల రోజుల్లో నట్లని చక్రానికి ముందే జిగురుతో అంటించి ఉంచేవారు. నట్లు బిగించే గన్ను అయిదుసార్లు గుర్రుమనేది. ఇప్పుడు ఒక్కసారి. పన్నెండు పదమూడు సెకన్లు పట్టే పని తొమ్మిది పది సెకన్లకి దిగింది. దానితో పాటే సరిగ్గా బిగుసుకోని చక్రాలు ఊడిపోయి దొర్లడం, సిబ్బందిని సస్పెండ్ చెయ్యడం కూడా మొదటి ఏడాది బాగానే చూశాం.

నా బాధ వేరే. రిమ్ము 15 నుంచి 18కి పెరిగింది గానీ టైరు మొత్తం ఎత్తు దాదాపు మారలేదు. అటూ ఇటూగా 28 అంగుళాలు. అంటే పెరిగిన రిమ్ము ఎక్కడి నుంచి తిన్నట్టు? రబ్బరు నుంచి. పాత టైరులో రిమ్ము అంచు నుంచి రోడ్డు దాకా సుమారు ఆరున్నర అంగుళాల సైడ్ వాల్ ఉండేది. ఇప్పుడు సుమారు అయిదు. అంగుళంన్నర పోయింది.

అంగుళంన్నరేగా అనుకోకండి. నేను రెండేళ్ళ కిందట కొన్న కారుకి 19 అంగుళాల రిమ్ములు వచ్చాయి. షోరూములో సేల్స్ అబ్బాయి వాటినే ముందు చూపించాడు, నేనూ మురిసిపోయాను. మూడో నెలలో ఒక గుంటలో పడితే టైరు పక్కన నిమ్మకాయంత బుడగ లేచింది. "ఇది వారంటీలోకి రాదు, రోడ్డు తప్పు" అన్నారు. నిజమే, రోడ్డు తప్పే. కానీ పక్కింటాయన పాత కారు అదే గుంటలో రోజూ పడుతుంది. దాని లావు టైర్లకి ఏమీ కాదు. సైడ్ వాల్ పొడుగ్గా ఉంటే దెబ్బని మింగుతుంది. పొట్టిగా ఉంటే దెబ్బ రిమ్ముకి, రిమ్ము నుంచి నీ నడుముకి.

రేసులోనూ అదే సూత్రం. పొడుగాటి సైడ్ వాల్ మలుపులో సాగుతుంది, వంగుతుంది. కారు జారబోయే ముందు డ్రైవరుకి సీటులోంచి కబురు తెలుస్తుంది. ఆ క్షణంలో స్టీరింగ్ సర్దుకుంటాడు. పొట్టి సైడ్ వాల్ కబురు చెప్పదు. పట్టు ఉన్నంతసేపు బ్రహ్మాండంగా ఉంటుంది, లేని క్షణాన కారు గిర్రున తిరిగి ఉంటుంది. పైగా వెడల్పు పెరిగింది కాబట్టి రోడ్డుని పట్టుకునే రబ్బరు ఎక్కువైంది. బ్రేకులు పెద్దవయ్యాయి కాబట్టి మలుపు ముందు ఆగే దూరం తగ్గింది. ఒకడు తప్పు చెయ్యడానికీ, వెనకవాడు ఆ తప్పుని వాడుకోవడానికీ ఉండే చోటే కుంచించుకుపోయింది. 2025 దాకా చిన్న ట్రాకుల్లో ఇంజన్ బలం 670 హార్స్‌పవరే కాబట్టి యాక్సిలరేటర్ తొక్కినా ఆ వెడల్పాటి టైరు జారేది కాదు. జారని టైరు అరగదు. అందరూ ఒకే వేగంతో ఒకరి వెనక ఒకరు తిరిగేవారు, రైలు పెట్టెల్లా.

ఇందులో నాకు నిజంగా కోపం తెప్పించే విషయం ఒకటుంది. పాత టైరు లోపల ఇంకో టైరు ఉండేది. ఇన్నర్ లైనర్ అంటారు. పెద్ద ట్రాకుల మీద అది తప్పనిసరి. దాని వెనక ఇద్దరి ప్రాణాలున్నాయి. 1964 సెప్టెంబరులో షార్లట్ ట్రాకు మీద టైర్ల పరీక్ష చేస్తూ జిమ్మీ పార్డ్యూ చనిపోయాడు. మూణ్ణెల్ల తర్వాత, 1965 జనవరిలో డేటోనాలో అలాంటి పరీక్షలోనే బిల్లీ వేడ్ పోయాడు. ఆ తర్వాతే గుడ్‌ఇయర్ కంపెనీ టైరులో టైరు తయారుచేసింది. బయటిది పగిలినా లోపలిది గాలి పట్టుకుని ఉంటుంది. కారు ఒక్కసారిగా కుప్పకూలదు, డ్రైవరు నెమ్మదిగా గట్టెక్కించుకోవచ్చు. అర్ధ శతాబ్దం పైగా కాపాడిన ఆ ఏర్పాటు 2022 టైరులో లేదు.

దాని ఫలితం ప్రతి రెండు మూడు వారాలకీ టీవీలో కనిపిస్తుంది. కారు ఒకసారి గిర్రున తిరిగితే టైర్లు నేల మీద ఒకే చోట గీసుకుపోయి గాలి దిగిపోతుంది. పొట్టి టైరు, లోపల ఇంకో టైరు లేదు, కారు అడుగు చూస్తే చదునుగా నేలకి ఆని ఉంటుంది. ఇక కదలదు. ఒంటి మీద గీత కూడా లేని కారు, ఇంజన్ గర్జిస్తూ, బురదలో కూరుకున్న ఎద్దుబండిలా గడ్డిలో నిలబడిపోతుంది. లాక్కెళ్ళడానికి బండి రావాలి. ఇలాంటివాళ్ళ కోసం రూల్సే మార్చాల్సి వచ్చింది. మా బాబాయి ఇది చూస్తే "స్టెప్నీ లేని బండిని రోడ్డెక్కించిందెవడ్రా" అంటాడు.

"టైర్లు అరగాలి అంటావు, మరి పగిలి మనుషులు చస్తే?" అని మా మిత్రుడు వేసే ప్రశ్న సరైనదే. అరగడం వేరు, పగలడం వేరు. నాస్కార్ చరిత్రలో టైర్ల పెద్ద గొడవలు ఎక్కువగా రెండో రకానివే.

1969 సెప్టెంబరు, అలబామాలో టల్లడేగా ట్రాకు మొదటి రేసు. 2.66 మైళ్ళు, 33 డిగ్రీల వాలు ఉన్న మలుపులు. చార్లీ గ్లాట్స్‌బాక్ గంటకి 199.466 మైళ్ళ వేగంతో క్వాలిఫై అయ్యాడు. ఆ వేగానికి సరిపోయే టైరు అప్పటికి పుట్టలేదు. కొన్ని రౌండ్లకే పీలికలైపోతున్నాయి. ఫైర్‌స్టోన్ అనే టైర్ల కంపెనీ తప్పుకుంది. రిచర్డ్ పెటీ నాయకత్వంలో పెద్ద డ్రైవర్లంతా కార్లు లారీల్లోకి ఎక్కించుకుని వెళ్ళిపోయారు. బిల్ ఫ్రాన్స్ మొండికేసి మిగిలినవాళ్ళతోనే రేసు నడిపాడు. రిచర్డ్ బ్రిక్‌హౌస్ గెలిచాడు. ఆయనకి ఆ పై స్థాయిలో దక్కిన గెలుపు అదొక్కటే.

2008 జూలైలో ఇండియానాపోలిస్ ఇంకా అవమానం. కొత్త రకం కారు కుడి వెనక టైరు మీద బరువు ఎక్కువ వేసింది, ట్రాకు గరుకు, ఊడిన రబ్బరు పొడిలా లేచిపోయింది తప్ప రోడ్డుకి అతకలేదు. పదీ పన్నెండు రౌండ్లకి టైరు అయిపోతోంది. చివరికి నిర్వాహకులే పది పన్నెండు రౌండ్లకోసారి పసుపు జెండా ఊపి, అందరినీ ఆపించి, టైర్లు మార్పించి పంపారు. 400 మైళ్ళ రేసు కాస్తా చిన్న చిన్న ముక్కల పందెమైపోయింది. జిమ్మీ జాన్సన్ గెలిచాడు గానీ ఆ రోజు ఆయన గెలుపుని తలుచుకునేవాళ్ళు తక్కువ.

ఇంక 2022 సెప్టెంబరు, టెక్సాస్. ముందున్న కార్ల కుడి వెనక టైర్లు ఒకటి తర్వాత ఒకటి ఠాప్ ఠాప్‌మని పగిలాయి. చేజ్ ఎలియట్ మొదటి స్థానంలో ఉండగానే గోడకి కొట్టుకున్నాడు, కారు అంటుకుంది. పసుపు జెండా 16 సార్లు ఊగింది. టీములు గాలి తగ్గించి నడుపుతున్నాయని కంపెనీ మాట. నిజమే, గాలి తగ్గిస్తే టైరు రోడ్డుని ఎక్కువగా పట్టుకుంటుంది, వేగం వస్తుంది. పొట్టి సైడ్ వాల్ మాత్రం ఆ మడతని ఎక్కువసేపు తట్టుకోదు. ఆశకి పోయినవాడిదే తప్పంటారా, ఆశకి తావులేని సైజు తెచ్చినవాడిదంటారా? నేను రెండోదే అంటాను.

ఈ మూడు చోట్లా టైరు డ్రైవరుకి సర్దుకునే వీలివ్వలేదు. కొన్ని రౌండ్లకే ఒక్కసారిగా పోయింది. బ్రిస్టల్‌లో అలా కాదు. ప్రతి రౌండుకీ కాస్త కాస్త తగ్గుతూ, నేను అయిపోతున్నాను అని చెబుతూ పోయింది. ఆ మాట విన్నవాడు గెలిచాడు. నాకు కావలసింది ఈ రకం.

కంపెనీ మీద కోపం లేదు, జాలి ఉంది. గుడ్‌ఇయర్ 1997 తర్వాత ఈ రేసులకి ఒక్కగానొక్క సరఫరాదారు. అంతకుముందు ఇండియానాకి చెందిన హూసియర్ అనే చిన్న కంపెనీ 1988, 89లో ఒకసారి, 1994లో మరోసారి పోటీకొచ్చింది. 1988లో నీల్ బొనెట్ రిచ్‌మండ్‌లో వాళ్ళ టైర్ల మీద గెలిచి అందర్నీ ఉలిక్కిపడేలా చేశాడు. 1989లో గుడ్‌ఇయర్ రేడియల్ టైరు తెచ్చింది, నార్త్ విల్క్స్‌బరోలో డేల్ ఎర్న్‌హార్ట్ దానితో గెలిచాడు. పోటీలో ఇద్దరూ మెత్తటి రబ్బరు వైపు పరుగెత్తారు. ఎవరిది మెత్తగా ఉంటే వాళ్ళ కారు వేగం. అది ప్రమాదమని ఒకే కంపెనీకి ఇచ్చేశారు. ఇప్పుడు సమస్య తిరగబడింది. టైరు పక్కన పసుపు రంగులో కంపెనీ పేరు పెద్దక్షరాల్లో ఉంటుంది. అది పగిలినా అరిగినా జనం ఆ పేరే తిడతారు. ఏ కంపెనీ అయినా ఏం చేస్తుంది? గట్టి టైరు తెస్తుంది. ఒహాయోలోని ఆక్రన్‌లో ఈ టైర్లు చుట్టే పనివాళ్ళ నైపుణ్యానికి లోటు లేదు. మెత్తగా చెయ్యమంటే చేస్తారు. చెయ్యమనే ధైర్యం ఎవరిదీ అన్నదే ప్రశ్న. బ్రిస్టల్ తర్వాత ఆ ధైర్యం కాస్త వచ్చినట్టుంది. అదే ఏడాది ఆగస్టులో రిచ్‌మండ్ రేసుకి మెత్తటి రకం ఒకటి అదనంగా ఇచ్చారు, ఎప్పుడు వాడాలో టీముల ఇష్టం. డానియెల్ సువారెజ్ అది ముందే వేసుకుని కార్లన్నిటినీ దాటుకుంటూ పోతుంటే చూడాలి! 2026 నుంచి చిన్న ట్రాకుల్లో ఇంజన్ బలం 750కి పెంచారు. నేను 15 అంగుళాల రిమ్ము తిరిగి తెమ్మనను. అది పోయింది, రాదు. మిగిలిన అయిదు అంగుళాల రబ్బరునైనా మెత్తగా చెయ్యండి, ఆ టైరులో టైరు సంగతి మళ్ళీ ఒకసారి ఆలోచించండి అంటాను.

2023 ఫిబ్రవరిలో హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ రేసు జరిగినప్పుడు మా కజిన్ వీడియో కాల్‌లో టైరు చూపించాడు. అదీ 18 అంగుళాలే. గీతలున్న టైరు, ఎండకీ వానకీ ఒకటే. పొదుపే దాని మతం. ఎలక్ట్రిక్ కారుకి అది న్యాయమే, అక్కడ దాచుకోవలసింది బ్యాటరీ. ఇక్కడ దాచుకోవలసింది రబ్బరు. ఆ రబ్బరే తరగకపోతే డ్రైవరు దేన్ని దాచుకోవాలి?

మొన్న సెలవుకి విజయవాడ వెళ్ళినప్పుడు బాబాయికి ఒక కథ చెప్పాను. 1950లో డార్లింగ్టన్‌లో మొదటి 500 మైళ్ళ రేసు. 75 కార్లు. జానీ మాంట్జ్ అనే ఆయన ప్లిమత్ కారు అందరికన్నా నిదానం. కానీ ఆయన గట్టి లారీ టైర్లు వేసుకొచ్చాడు. పెద్ద పెద్ద కార్లు టైర్లు పగిలి గంటకోసారి ఆగుతుంటే, ఈయన తన మానాన తాను తిరుగుతూ తొమ్మిది రౌండ్ల తేడాతో గెలిచాడు.

బాబాయి తొడ చరిచాడు. "చూశావా! లారీ టైరురా!" అన్నాడు. నా వాదనకి అడ్డొచ్చే కథ అని తెలిసే చెప్పాను. "అప్పుడు ఎవరి టైరు వాళ్ళది బాబాయ్, ఇప్పుడు అందరికీ ఒకటే టైరు. తేడా రావాలంటే వాడకంలోనే రావాలి" అన్నాను. ఆయన వినిపించుకున్నట్టు లేదు.

అప్పుడు పర్సులోంచి ఆ బ్రిస్టల్ ముక్క తీసి చేతిలో పెట్టాను. ఏడాది దాటినా ఇంకా కాస్త జిగురుంది. వేళ్ళ మధ్య నలిపాడు, వాసన చూశాడు, కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి వెలుతురులో తిప్పి చూశాడు.

"ఎంత తిరిగిందిరా ఇది?"

యాభై రౌండ్లు, 0.533 మైళ్ళ చొప్పున లెక్కేశాను. "నలభై మూడు."

"వేలా?"

"వేలు లేవు బాబాయ్. నలభై మూడు కిలోమీటర్లు."

కళ్ళజోడు పైకి జరుపుకుని నా వంక చూశాడు. విజయవాడ నుంచి గుడివాడ కూడా అంతే ఉంటుంది. కాసేపాగి, "డబ్బు పెట్టి కొంటారా దీన్ని?" అన్నాడు.

"కొనరు. అద్దెకి తీసుకుంటారు. రేసయ్యాక కంపెనీకి తిరిగిచ్చెయ్యాలి."

"అయితే ఈ ముక్క వాళ్ళదేగా," అని, ఆయన దాన్ని చొక్కా జేబులో వేసుకున్నాడు.